సమ్మె కాలంలో పంపు డ్యూటీ

నవల రాయమని నన్నెవరూ బతిమాలలేదు. మాట కడుపులో దాచుకోవడం చేతగాక, నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడి, మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లందరి ముందూ నేనే ప్రకటించాను. ఆ రోజు సారవ్వ నన్ను రెచ్చగొట్టింది. ఆమె నోరు ఊరుకోదు. నా నోరు అంతకంటే ఊరుకోదు.

"ఏం జమునా, దినాం కాయితాలు ముందటేసుకొని కూసుంటున్నవట. ఎవలకన్న పట్టాలు రాసిస్తున్నవా?" అంది.

"నవల రాస్తున్న," అన్నాను. "అక్టోబర్ పదిహేను లోపట పూర్తి జేసి పోటీకి పంపుత. పంపకుంటే నా పేరు జమునే గాదు."

"గట్లయితే ఇంకో పేరు ఇప్పట్నుంచే ఎతికి పెట్టుకో మరి," అంది సారవ్వ. అందరూ పడీ పడీ నవ్వారు. నేను బిందె ఎత్తుకుని విసవిసా వచ్చేశాను. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి.

అది రెండు వేల పదకొండు ఎండాకాలం. గోదావరిఖనిలో మా ఇల్లు. అంతకు కొన్నాళ్ల ముందు, నన్ను కన్న మా అవ్వ కళ్ల మందు కోసం దవాఖానలో కూర్చున్నప్పుడు ఒక వారపత్రికలో నవలల పోటీ ప్రకటన చూశాను. కవరు మీద అక్టోబరు పదిహేను నాటి పోస్టాఫీసు ముద్ర పడినా చాలునట. ఆ పేజీ చింపి జాకెట్టులో దోపుకుని ఇంటికి వచ్చాను. అప్పటిదాకా రాసినవి చిన్న చిన్న కథలు. ఒకటో రెండో అచ్చయ్యాయి, మిగిలినవి పోయినచోటే పోయాయి. ఆరంభశూరత్వం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకే నల్లా దగ్గర నలుగురి ముందూ నోరు జారడం కూడా ఒకందుకు మంచిదే అయింది. ఇక వెనక్కి తగ్గితే సారవ్వ నన్ను బతకనివ్వదు.

ఏం రాయాలో వెతుక్కోవలసిన పని లేదు. మా ఊరు ఇప్పలవాడ. ఆ ఊరు ఇప్పుడు లేదు. కింద బొగ్గుందని తేలింది. బొగ్గు కంపెనీ పైసలిచ్చింది, సెంటినరీ కాలనీ అవతల ప్లాట్లిచ్చింది, ఊరు ఖాళీ చేసి లేచిపోయింది. మా ఇల్లున్న చోట ఇప్పుడు లారీల తాతల్లాంటి డంపర్లు తిరిగే పెద్ద గుంత. మనుషులు తలో దిక్కు అయ్యారు. చచ్చిన వాళ్లు చచ్చారు. నేను చెయ్యదలచుకున్నది ఒకటే. ఊరి మొదటి ఇంటి దగ్గర చదివేవాళ్ల చెయ్యి పట్టుకుని, ఇంటికో అధ్యాయం చొప్పున నడిపించుకుంటూ చివరి ఇంటి దాకా తీసుకుపోవాలి. ఒక్క ఇల్లు కూడా వదలకూడదు.

నా మొగుడు భూపాల్ నాకు మేనబావే, మా మేనమామ కొడుకు. వాళ్లది వేరే ఊరు. భూగర్భ బొగ్గుబాయిలో పంపు ఆపరేటరు. బొగ్గు తవ్వేచోట నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు తోడి పైకి పంపడం అతని పని. పంపు దగ్గరి వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. షిఫ్టు అయిపోయినా సరే, రిలీవరు వచ్చి ఎదురుగా నిలబడేదాకా పంపు విడిచి రాకూడదు. పెళ్లయిన కొత్తలో ఎన్నిసార్లు అన్నం చల్లారబెట్టుకుని తిట్టుకున్నానో ఆ కట్టుబాటును.

అదే కట్టుబాటును నేనూ పెట్టుకున్నాను. బాయి సైరన్ మోగి బావ డ్యూటీలో దిగితే నేను బల్ల ముందు కూర్చోవాలి. షిఫ్టు ముగిసే సైరన్ మోగేదాకా లేవకూడదు. మొదటి షిఫ్టు వారంలో పొద్దున, రెండో షిఫ్టు వారంలో మధ్యాహ్నం. రాత్రి షిఫ్టు వారంలో మాత్రం పగలు బావ నిద్రపోతాడు కాబట్టి, పొద్దటి సైరనుకే వెనక వాకిట్లో బట్టలుతికే బండ మీద కూర్చునేదాన్ని. పాలు పొంగిపోయేవి. చుట్టాలొచ్చి తలుపు కొట్టి కొట్టి పోయేవాళ్లు. జమునకు పొగరు పెరిగిందని లైనంతా అనుకున్నారు. పెరిగింది మరి. ఆగస్టు ముగిసేసరికి ఊళ్లో సగానికి పైగా ఇళ్లు దాటేశాను. బావ అడ్డం చెప్పలేదు, అట్లని నమ్మనూ లేదు. "రాతపని అయిందా?" అని అడిగేవాడు, అంట్లు తోమడం అయిందా అని అడిగినట్టే.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది.

సమ్మె మీద నాకు రెండో మాట లేదు. ముందే చెబుతున్నాను, ఎవరూ ఇంకోలా అనుకోవద్దు. తెలంగాణ రావాలన్నప్పుడు నా గొంతు మా లైనులో అందరికంటే పైన ఉండేది. రోడ్డు మీద వంటావార్పు చేసినప్పుడు డేగిసాల కింద పొయ్యి ఊదీ ఊదీ కళ్లు వాచాయి. బాయి గేటు ముందు బతుకమ్మ ఆడాను. బాయిలన్నీ ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. మా సైరన్ కూడా ఆగిపోయింది.

సమ్మెకు ముందు చూసిపోదామని వచ్చిన మా అవ్వ, సమ్మవ్వ, బస్సుల్లేక నా దగ్గరే ఉండిపోయింది. బావ ఇంట్లోనే ఉన్నాడు. బావతో పాటు బావ దోస్తులున్నారు. పొద్దున పేపరు చదవడానికి ఒకరు, టీవీలో వార్తలు చూడడానికి ఇంకొకరు, ఊరికే కూర్చోవడానికి మిగిలినవాళ్లు. నా బల్ల మీద చాయ్ గ్లాసుల ముద్రలు, పేకముక్కలు, కరపత్రాలు. నా కాగితాలు మూట కట్టి బీరువా మీదికి ఎక్కించారు. పైగా చేతిరాత బాగుంటుందని అట్టల మీద నినాదాలన్నీ నాతోనే రాయించారు. రాశాను. అవీ రాయవలసినవే. కానీ ఇప్పలవాడలో ఒక్క గడప కూడా ముందుకు పోలేదు.

ఒక మధ్యాహ్నం మగవాళ్లందరూ రాస్తారోకోకు పోయారు. ఇల్లు ఖాళీ. అవ్వ నిద్రపోయింది. ఆహా అనుకుని మూట దింపి, బల్ల తుడిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు! కాగితం కేసి చూస్తాను, కిటికీ కేసి చూస్తాను. చాలాసేపటికి అర్థమైంది. నా చెవి సైరన్ కోసం ఎదురుచూస్తోంది. అది మోగితే తప్ప చెయ్యి కదలని అలవాటు నేనే చేసుకున్నాను. గోడ గడియారం పనికిరాలేదు, రేడియో పనికిరాలేదు. నా మీద నాకు వచ్చిన కోపానికి పెన్ను విసిరికొడితే మంచం కిందికి దొర్లింది. వంగి తీసుకునేసరికి అందరూ తిరిగి వచ్చి చాయ్ అడిగారు.

తేదీ మాత్రం సమ్మెలో లేదు. అది రోజూ డ్యూటీ చేస్తూనే ఉంది.

ఆ సాయంత్రం మొగిలన్న మా ఇంట్లో కూర్చుని పంపు డ్యూటీలు వేశాడు. మొగిలన్న యూనియను నాయకుడు, మా లైనులోనే చివరి క్వార్టరు. సమ్మెలో ఎవరూ బాయి దిగకూడదు గానీ, పంపుల వాళ్లకూ, గాలి ఫ్యాన్ల వాళ్లకూ యూనియనే మినహాయింపు ఇచ్చి, వంతుల వారీగా పంపేది. దాన్ని ఎమర్జెన్సీ డ్యూటీ అనేవాళ్లు. బావ ముందురోజే తన వంతు డ్యూటీ చేసి వచ్చాడు.

"సమ్మె మనకు గాని, నీళ్లకు గాదన్నా," అంటున్నాడు మొగిలన్నతో. "మనం పండుకున్నా అవి ఊరుతనే ఉంటయి. నాలుగొద్దులు ఇడిసిపెట్టినమంటే తెలంగాణ వచ్చినంక దిగుదామన్నా బాయి ఉండది."

చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడ్డ నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. ముందూ వెనకా ఆలోచించే గుణం నాకు లేదు కదా, అడిగేశాను.

"మొగిలన్నా, నాకు గూడ ఎమర్జెన్సీ డ్యూటీ ఇయ్యి."

"నీకేం డ్యూటీ చెల్లె?"

"రాసే డ్యూటీ. గీ ఇల్లు గింత పొద్దు నాకిడిసిపెట్టుండ్రి. నవల అయిపోతలేదు."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, అలవాటైన నవ్వే. బావ కూడా నవ్వాడు, నవ్వుతూనే అన్నాడు.

"పంపు ఆగితే బాయి మునుగుతది. నీ రాత ఆగితే ఏం మునుగుతదే?"

ఊరందరికీ సమాధానాలు చెప్పే నా నోటికి ఆ ఒక్కదానికి సమాధానం దొరకలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వచ్చాను. ఉల్లిగడ్డలు తరుగుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను. కోపంతో ఏడ్చాను. మిగతావాళ్లు నవ్వినందుకు కాదు, బావ నవ్వినందుకు. ఇన్ని నెలలు నా పక్కన బతికిన మనిషి, నేను బల్ల ముందు ఏం చేస్తున్నానో ఒక్కసారి కూడా చూడలేదని తెలిసినందుకు.

"ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత," అని గొణిగింది అవ్వ, పొయ్యి దగ్గర కూర్చుని. "గాళ్లను లేవగొట్టుడు నీతోని గాకుంటే నాకు జెప్పు, చీపురుకట్ట తిరగేస్త."

"అవ్వా, నువ్వు ఊకో," అన్నాను.

మర్నాడు పొద్దున ఇద్దరం వాకిట్లో తంగేడు పూలు ముందేసుకుని బతుకమ్మ పేరుస్తున్నాం. చేతులు పనిలో ఉంటే అవ్వకు మాటలు ఊరుతాయి. రాయడం కుదరకపోతే పోయింది, వినడమన్నా ఆగకూడదని మిగిలిన ఇళ్ల గురించి అడగడం మొదలుపెట్టాను.

"గాండ్లోళ్ల ఇల్లు దాటినంక ఎవల ఇల్లే అవ్వా?"

"బుచ్చన్నది. వాని పెండ్లాం మా గట్టిది. కల్లు తాగొచ్చిన్నాడు వాన్ని వాకిట్లనే పండవెట్టేది. వాని ఇంటవుతల గిర్ని. పిండిగిర్ని."

"గిర్ని పక్కపొంటి?"

"గిర్ని పక్కపొంటి గాజులామె లేదూ? గామెది."

ఆమె నాకూ గుర్తుంది. మేం పిల్లలం 'గాజులవ్వా' అని పిలిచేవాళ్లం. చెయ్యి నొప్పి పుట్టకుండా గాజు ఎక్కించే విద్య ఆమెకే తెలుసు. అసలు పేరు మాత్రం నాకు తెలియదు.

"గాజులవ్వ అసలు పేరేంది?"

అవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. చేతిలో తంగేడు కొమ్మ అట్లాగే ఆగిపోయింది.

"గదేనే... గామె... నోట్లనే ఉన్నది. ఆగు."

ఆగాను.

"గామె మొగని పేరు నర్సయ్య. బిడ్డను మంథెనికిచ్చిండ్రు. పేరు... గిదేందే, పేరు వస్తలేదు?" అవ్వ నా ముఖంలోకి చూసింది. మందు వేస్తున్నా మసక పోని ఆ కళ్లలో భయం చూశాను. మా అవ్వ దేనికీ భయపడే మనిషి కాదు. ఊరు లేచిన్నాడు కూడా లారీ డ్రైవరును తిడుతూ సామాను ఎక్కించిందే తప్ప కన్నీళ్లు పెట్టలేదు.

"పోనీ తియ్యవ్వా. తర్వాత యాదికొస్తది."

"తర్వాతేందే!" అని అరిచింది. "నువ్వు పుట్టిన్నాడు నా పక్కన కూసున్నది గామెనే. రాత్రంత నా చెయ్యి ఇడువలే. గామె పేరు మరిసిపోతనా నేను? గామె పేరు?" నుదురు అరచేత్తో కొట్టుకుంది. పూలన్నీ ఒళ్లోంచి జారిపోయాయి.

ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ఎండలో అట్లాగే కూర్చున్నాం ఇద్దరం. అప్పుడు తెలిసింది నాకు, నా రాత ఆగితే ఏం మునుగుతుందో. చీర కొంగుతో ముఖం తుడుచుకుని లేచాను.

"లే అవ్వా. పోదాం పా."

"ఏడికే?"

"బాయి గేటు కాడికి."

గేటు ముందు టెంటు కింద మగవాళ్లు బారులు తీరి కూర్చున్నారు. పక్కనే బతుకమ్మలతో ఆడవాళ్లు చేరుతున్నారు. సారవ్వ కూడా ఉంది. నేను అవ్వను చెయ్యి పట్టి నడిపించుకుంటూ సరాసరి టెంటులోకి పోయి మొగిలన్న ముందు నిలబడ్డాను. వెనక వరుసలో బావ లేచి నిలబడ్డాడు.

"మొగిలన్నా, నిన్న మా బావ ఒక మాటడిగిండు. జవాబు చెప్పకుంట పోయిన. ఇయ్యాల చెప్తందుకు వచ్చిన."

"చెల్లె, ఇంటికాడ మాట్లాడుకుందాం..."

"నవ్విన కాన్నే చెప్పాలంటే ఇంటికాడనే చెప్తుంటి. గని ఇక్కడున్నోళ్లు గూడ వినాలె." వెనక వరుసల వైపు తిరిగాను. "నా రాత ఆగితే మా ఊరు మునుగుతది. ఒకసారి బొగ్గు కింద పోయింది. ఇప్పుడు గీ ముసలామె మతిల మునుగుతాంది. నిన్నటిదాక ఉన్న మనిషి పేరు ఇయ్యాల లేదు. సమ్మె మనకు గాని నీళ్లకు గాదన్నవు గద బావా, మరుపుకు మాత్రం సమ్మె ఉంటదా? నేను పండుకున్నా అది ఊరుతనే ఉన్నది. నేను తోడకుంటే ఎవలు తోడుతరు?"

మొగిలన్న వెంటనే ఒప్పుకునే మనిషి కాదు. "నీ బాధ తెలుస్తాంది చెల్లె. గని అందరు జీతాలు ఇడిసిపెట్టి కూసున్నరు. గసుంటప్పుడు నీ సొంత పనికి మినహాయింపంటే..."

"సొంత పనా?" అన్నాను. "అన్నా, తెలంగాణ మనం దేనికడుగుతున్నం? మన ఊర్లు మనయనే గద? మరి ఇప్పలవాడ ఏడున్నదో సూపియ్యి. ఏ మ్యాపుల ఉన్నదో సూపియ్యి. తెలంగాణ వచ్చిన్నాడు మీ ఊర్లల్లకు మీరు డప్పుల తోని పోతరు. నేనేడికి పోవాలె? గా గుంతలకా?"

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది గానీ, ఏడవలేదు. ఏడిస్తే జాలిపడి ఇస్తారు. నాకు కావలసింది జాలి కాదు, డ్యూటీ.

మొదట కదిలింది సారవ్వ. "గంత ఆలోచనేందన్నా?" అంది మొగిలన్నతో. "జమున నా ముంగటనే మాటిచ్చింది. ఇప్పుడు పేరు మార్చుకుంటే రేషన్ కార్డు ఎవలు మారుస్తరు? డ్యూటీ రాయి. పొద్దుగాల మా లైన్లకు ఎవడన్న చాయ్ అనుకుంట వస్తే కాళ్లిరగ్గొడ్త."

జనం నవ్వారు. ఈసారి నవ్వు నా వైపు ఉంది.

మొగిలన్న గడ్డం గీరుకున్నాడు. "సరే. దినాం మొదటి షిఫ్టు. జమున ఎమర్జెన్సీ డ్యూటీ. రిలీవర్ ఎవలు మరి? రిలీవర్ లేకుంట డ్యూటీ ఎయ్య నేను."

"నేనే," అన్నాడు బావ వెనక నుంచి. తల వంచుకునే అన్నాడు గానీ, అందరికీ వినబడేటట్టే అన్నాడు.

ఇంటికి వచ్చాక సైరన్ సంగతి చెప్పాను. అది మోగకపోతే చెయ్యి కదలడం లేదని చెప్పడానికి సిగ్గేసింది. బావ నవ్వలేదు. "పంపు ఆగి సప్పుడు లేకుంటే నాక్కూడ నిద్ర రాదు," అన్నాడు. మర్నాడు పొద్దున స్టీలు తాంబాలం, గరిట పట్టుకుని వాకిట్లోకి పోయాడు. లైనంతా ఉలిక్కిపడేటట్టు వాయించాడు. "మొదటి షిఫ్ట్!" అని అరిచాడు. ఎదురింటి వాళ్లు ఏమైందోనని బయటికి పరిగెత్తుకొచ్చారు. నేను బల్ల ముందు కూర్చున్నాను. చెయ్యి కదిలింది.

ఆ తర్వాత రోజూ షిఫ్టు ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ తాంబాలం మోగింది. బావ పంపుకు పోయిన రోజు అవ్వ వాయించేది, ఆమె దెబ్బకు తాంబాలం ఒకవైపు సొట్టపోయింది. బావ వండిన పప్పు గురించి ఎక్కువ చెప్పను. ఒకరోజు ఉప్పు లేదు, మర్నాడు ఆ బాకీ కూడా కలిపి వేశాడు. నోరు మూసుకుని తిన్నాను. పేకాట వాళ్లు మొగిలన్న ఇంటికి మారారు. మొగిలన్న పెళ్లాం నన్ను తిట్టుకుందేమో, తిట్టుకోనీ.

అన్ని రోజులూ బాగా సాగిందని చెబితే అబద్ధం. ఊరు లేచిన రోజు రాయవలసి వచ్చినప్పుడు, లారీలో మొదటి మంచం ఎక్కించే దగ్గర ఆగిపోయాను. రాస్తే బాగాలేదు, కొట్టేస్తే ఏమీ లేదు. తల పగిలిపోతోంది. ఇక నా వల్ల కాదని పెన్ను మూతపెట్టి లేవబోతే, గడపలో బావ నిలబడి ఉన్నాడు.

"వచ్చినవా? లేస్తున్న," అన్నాను.

"ఏడ వచ్చిన? నేనింక రాలే." ఒక అడుగు వెనక్కి వేసి గడప అవతల నిలబడ్డాడు. "రిలీవర్ రాంది పంపు ఇడిసి రావద్దు. కూసో."

"బావా, కోపం తెప్పియ్యకు."

"తెచ్చుకో. తెచ్చుకొనే రాయి."

తెచ్చుకునే రాశాను. డ్రైవరును అవ్వ తిట్టిన తిట్లన్నీ రాశాను, ఒక్కటి కూడా మింగకుండా. ఆ కోపంలోనే అధ్యాయం అయిపోయింది. తాంబాలం ఎప్పుడు మోగిందో కూడా నాకు వినబడలేదు.

దసరా వెళ్లింది. అక్టోబరు పదిహేను పొద్దునకు నవల పూర్తయింది, ఒక్క జాగా తప్ప. గిర్ని పక్కింటి అధ్యాయంలో గాజులవ్వ పేరు రావలసిన చోట జానెడు ఖాళీ వదిలాను. ఏదో ఒక పేరు పెట్టెయ్యవచ్చు. నవలే కదా, ఎవరడుగుతారు? కానీ నేను పుట్టిన రోజు మా అవ్వ చెయ్యి పట్టుకున్న మనిషికి దొంగపేరు పెట్టబుద్ధి కాలేదు. బావ బాయి దగ్గర ఆ దిక్కు వాళ్లందరినీ అడిగాడు. ఎవరికీ తెలియలేదు. అవ్వను మాత్రం మళ్లీ అడగలేదు నేను. ఆ భయం ఆ కళ్లలో ఇంకోసారి చూసే ధైర్యం లేదు.

కవరు సిద్ధంగా ఉంది. బండి తాళం చెవి బావ చేతిలో ఉంది. శనివారం, పోస్టాఫీసు తొందరగా మూస్తారు. కాగితాలు సర్దుతుంటే అవ్వ వచ్చి నా పక్కన కూలబడింది.

"పంపుతున్నవా?"

"ఆ."

"నాకు సదివి వినిపియ్యకుంటనే పంపుతవా? ఊరు నాది గాదా?"

నిజమే కదా. ఇన్నాళ్లు ఆమెను అడిగి రాశాను గానీ, రాసింది ఆమెకు వినిపించలేదు. అంతా చదవడానికి సమయం లేదు. చివరి ఇళ్లయినా చదువుదామని గాండ్లోళ్ల ఇంటి దగ్గర మొదలుపెట్టాను. అవ్వ కళ్లు మూసుకుంది. గాండ్లోళ్ల గానుగ చప్పుడు వచ్చినప్పుడు తల ఊపింది. బుచ్చన్న వాకిట్లో పడుకున్న చోట గట్టిగా నవ్వింది. గిర్ని దగ్గర దుమ్ము పడ్డట్టు ముక్కు తుడుచుకుంది. నేను చదువుతుంటే అవ్వ నడుస్తోంది. ఆమె కాళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుస్తూనే ఉంది.

"గిర్ని దాటితే పచ్చరంగు తలుపు. తలుపు తీస్తే గోడ నిండా తాళ్లకు గుచ్చిన గాజుల మలారాలు. వాటి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంటుంది..."

ఖాళీ వచ్చింది. ఆగాను.

"లింగవ్వ," అంది అవ్వ.

నేను కాగితం మీంచి తల ఎత్తాను.

"గాజుల లింగవ్వ. ఆగినవేందే?" కళ్లు తెరవకుండానే కసిరింది. "గామె పేరు గూడ యాదిలేదా నీకు? ఇంకేం రాసినవే నువ్వు? సదువు, సదువు."

బావ కేసి చూశాను. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెన్ను తీసి ఆ జాగాలో 'లింగవ్వ' అని రాశాను. జానెడు జాగాలో పేరు చిన్నదే అయింది. చుట్టూ తెల్లకాగితం మిగిలింది. మిగలనీ.

"అత్తా," అన్నాడు బావ కాసేపటికి, మెల్లగా. "పోస్టాఫీసు మూస్తరు. పోదామా?"

"జర ఆగు బిడ్డా," అంది అవ్వ. "ఇప్పుడే లింగవ్వ ఇంటికాడికి వచ్చినం. గీ నాలుగిండ్లు దాటితే ఊరైపోతది."

బావ తాళం చెవి జేబులో వేసుకుని, వచ్చి మా ముందు నేల మీద కూర్చున్నాడు. ఊరు చివరి ఇంటి దాకా చదివాను. ఆ తర్వాతే కవరు అంటించాం.